చింతపండుకు లొంగే గట్టు

కడప బండలు, గ్రానైటు చేతికందే మనకు వంటగట్టును కాంక్రీటుతో పోసుకోవాలన్న ఆలోచనే రాదు. అమెరికాలో అదొక సరదా. కాలిఫోర్నియా డిజైనర్ ఫు-తుంగ్ చెంగ్ 2002లో దానిమీద పుస్తకమే రాశాడు.

నున్నటి మెలమైన్ చెక్కలతో అచ్చు కట్టి తలకిందులుగా పోస్తారు. అడుగుభాగమే రేపటి పైముఖం. గాలిబుడగలు పోయేలా కుదిపి, తడి ఆరకుండా కప్పాలి. అంగుళంన్నర మందానికి చదరపు అడుగు బరువు 8 కిలోల పైమాటే. కింది అల్మారా మోయగలగాలి.

సిమెంటుది క్షారగుణం. సీలర్ పూత అరిగినచోట పులుసు చుక్క పడితే మచ్చే. పులుపు లేని పూట గడవని ఇంట్లో ఇదేం కోరిక అనుకుంటాను. కానీ కొన్న బండకు మరకైతే కొట్టువాణ్ణి తిడతాం; చేత్తో పోసుకున్నదైతే ఆ మరకను కూడా వెనకేసుకొస్తాం.