పిలుపు

మా మదర్సాలో హజ్రత్ బిలాల్ (రజి) జీవితాన్ని ఎన్నో ఏళ్లుగా బోధిస్తున్నాను. మక్కా విజయం నాడు దైవప్రవక్త (స) ఆజ్ఞ మేరకు ఆయన కాబా కప్పుపై నిలిచి అజాన్ పలికిన ఘట్టం వద్ద నా గొంతు గద్గదమవుతుంది. అయినా, ఛామనఛాయకంటే కాస్త నల్లగా ఉన్న ఒక విద్యార్థిని తోటివారు ‘హబ్షీ’ అని పిలుస్తుంటే నేను వారించలేదు. పైగా ఒకనాడు హాజరు వేస్తుండగా ఆ మాట నా నోటి నుంచే వెలువడింది. పిల్లలంతా నవ్వారు. ఆ అబ్బాయి కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

మరునాడు అందరి ముందు అతణ్ణి క్షమాపణ కోరాను. అంతటితో సరిపోదనిపించింది. హబ్షీ అంటే అబిసీనియా, అనగా నేటి ఇథియోపియా వాసి అని మాత్రమే అర్థం. అది ఎగతాళి మాట ఎలా అయింది? ఈ ప్రశ్నతో ప్రతి గురువారం సాయంత్రం కవితాగోష్ఠి ప్రారంభించాను. ముందు చరిత్ర వినాలి. ఆపై అందులోని ఒకరి పక్షాన నిలిచి నాలుగు పాదాలు రాయాలి.

మొదట మాలిక్ అంబర్ గురించి చెప్పాను. ఇథియోపియాలో జన్మించి, బానిసగా అమ్ముడై, దక్కనుకు చేరిన ఆయన అహ్మద్‌నగర్ రాజ్యానికి కర్తాధర్త అయ్యాడు. మొగల్ సైన్యాలను ఏళ్ల తరబడి నిలువరించాడు. ఆయన నెలకొల్పిన ఖడ్కీ నగరమే తర్వాత ఔరంగాబాద్ అయింది. ఆయన 1626లో కన్నుమూశాడు.

తర్వాత మన హైదరాబాద్‌లోని ఏ.సి. గార్డ్స్ ప్రస్తావన వచ్చింది. “ఏ.సి. అంటే చల్లగాలి యంత్రమనుకున్నాం ఉస్తాద్!” అన్నాడొకడు. కాదు నాయనా, ‘ఆఫ్రికన్ కావల్రీ’. నిజాం కొలువులోని ఆఫ్రికా సంతతి అశ్వికదళం నివసించిన చోటది. 1948లో సంస్థానం విలీనమయ్యాక ఆ దళం రద్దయింది. గుర్రాలు పోయాయి, సిద్దీ కుటుంబాలు మిగిలాయి. మన పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫాను ఈ నగరంలో నిలిపినవారిలో వారూ ఉన్నారు.

ఒకడు రౌతును కోల్పోయిన గుర్రం గురించి రాశాడు. ఆ అబ్బాయి మాత్రం రెండు వారాలు ఖాళీ కాగితమే ఇచ్చాడు. అతను సిద్దీ కాడు, పాలమూరు పల్లె నుంచి వచ్చినవాడు. మూడో వారం లేచి ఉర్దూలో చదివాడు. భావం ఇది:

మీరు నాకిచ్చిన పేరు నాది కాదు.
అందులో ఒక సముద్రం, ఒక గుర్రం, ఒక నగరం ఉన్నాయి.
మోయడానికి నేనింకా చిన్నవాణ్ణి.
అయినా ఇకపై సిగ్గుపడను.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మానవుల భాషల్లో, రంగుల్లో ఉన్న వైవిధ్యం తన సూచనలలోనిదని అల్లాహ్ సూరా రూమ్‌లో తెలియజేశాడు. ఆ వాక్యాన్ని కంఠస్థం చేసిన నేనే ఒక సూచనను చూసి నవ్వాను. తెల్లని కోడలి కోసం వెదికే మన ఇళ్లలో, ముద్దుపేర్లుగా చలామణి అయ్యే మాటలను ఒకసారి పరిశీలించుకుందాం. బిలాల్ (రజి) పేరు వినగానే చెమర్చే కళ్లు, మన పక్కన కూర్చున్న బిడ్డను కూడా గౌరవంతో చూడాలి కదా! అల్లాహ్ నన్ను మన్నించుగాక.