మిర్చి అమ్మాల్నా, ఆపాల్నా?

ఫిబ్రవరి వచ్చిందంటే నా దగ్గరికొచ్చే ప్రశ్నలు మారిపోతాయి. మిగతా ఏడాదంతా పెళ్ళి సంబంధాలు, గ్రూప్స్ పరీక్షలు, అమెరికా వీసాలు. ఎనుమాముల మార్కెట్లో ఎర్ర బస్తాలు దిగడం మొదలైతే మాత్రం మిర్చి గురించే అడుగుతారు. ఇప్పుడే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం ఆగాలా?

హనుమకొండ బాలసముద్రంలో ఒక మేడమీద గదిలో పదకొండేళ్ళుగా టారో కార్డులు చూస్తున్నాను. నా డెక్కులో 78 కార్డులుంటాయి. ఇది ఏ దేశపు విద్య అని అడిగేవాళ్ళకు ఉన్నమాటే చెబుతాను. 15వ శతాబ్దంలో ఇటలీలో ఇవి పేకాట ముక్కలుగానే పుట్టాయి. వీటితో జాతకం చెప్పడం 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు మా చేతుల్లో ఎక్కువగా కనిపించే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయినవి, గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్ అనే ఆమె. మన నిర్మల్‌లోనూ గంజీఫా ముక్కలకు ఇంతే శ్రద్ధగా రంగులు వేసేవారు, అవీ ఆటకే.

రోజువారీ ప్రశ్నకు నేను పరిచేది మూడే కార్డులు. పది కార్డులతో పరిచే సెల్టిక్ క్రాస్ కూడా నేర్చుకున్నాను. కానీ ఇల్లు మారాలా వద్దా అనే ప్రశ్నకు అది పరిస్తే నలుగురికి వంట చేయడానికి గాడిపొయ్యి తవ్వినట్టే. నా మూడింటిలో ఎడమ పక్కది ఇప్పుడు చేతిలో ఉన్నది. మధ్యది అడ్డం పడుతున్నది. కుడి పక్కది చేయదగిన పని. నాకు నేర్పినవాళ్ళు గతం, వర్తమానం, భవిష్యత్తు అని చెప్పారు. రెండేళ్ళు అలాగే పరిచాను. భవిష్యత్తు అనే కార్డు ఒకటుందని తెలిస్తే మనిషి చూపు దానిమీదే ఉంటుంది, మిగతా రెండూ చెవిన పడవు. అందుకే ఆ పద్ధతి మానేశాను.

ప్రశ్నను సరిచేయడంలోనే సగం పని ఉంది. "ఉద్యోగం వస్తుందా?" అని వస్తారు. "ఈ నెల రోజులు నేను దేనిమీద కూర్చోవాలి?" అనే దాకా మాట్లాడిస్తాను. ఒక్కోసారి ఆ మాటల్లోనే జవాబు దొరికి, కార్డు ముట్టుకోకుండానే లేచి వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర డబ్బు తీసుకోను.

ఒక మార్చిలో పర్వతగిరి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నలభై బస్తాల మిర్చి ఉందట. కండువాతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"రేటు పెరుగుతదా, తగ్గుతదా, గదొక్కటి చెప్పు బిడ్డా."

"రేటు ఈ కార్డులల్ల ఉండదు బాపూ. మీరేం చేస్తే నష్టం తక్కువైతదో అడుగుదాం."

కాసేపు ఆలోచించి సరే అన్నాడు. కార్డులు కలిపి ఆయన ముందు వరసగా పరిచాను, మూడు తీశాడు. మొదటిది సెవెన్ ఆఫ్ పెంటకిల్స్. అందులో ఒక రైతు కర్రమీద గడ్డం ఆనించి తన చెట్టును చూస్తుంటాడు. చెట్టుకు ఆరు నాణేలు, ఏడోది కాళ్ళ దగ్గర. ఆయన ఆ ఏడో నాణెం మీద వేలుపెట్టి, "ఇది కింద రాలిందా, తెంపిందా?" అని అడిగాడు. ఆ బొమ్మను కొన్ని వందలసార్లు చూశాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ తోచలేదు.

రెండోది టెన్ ఆఫ్ వాండ్స్. పది కర్రల మోపు ఎత్తుకుని ఒకడు వంగి నడుస్తుంటాడు.

"ఈన మొకం కనవడ్తలేదేంది?"

"మోపు అడ్డమొచ్చింది బాపూ. మీ మీద ఏం మోపున్నది?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. పెట్టుబడికి లక్ష తెచ్చాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఇద్దరం కాగితం మీద వేసుకున్నాం. నెలకు రెండు వేలు, ఆరు నెలలు ఆగితే పన్నెండు వేలు. కోల్డ్ స్టోరేజీ కిరాయి దానికి అదనం. పంట చేతికొచ్చిన ఆనందంలో ఈ లెక్క ఆయన ఒక్కసారీ వేసుకోలేదు.

మూడోది సిక్స్ ఆఫ్ పెంటకిల్స్. ఒక షావుకారు ఎడమ చేత్తో తక్కెడ పట్టుకుని, కుడి చేత్తో డబ్బు ఇస్తుంటాడు. ఆయన ఆ తక్కెడను చూసి, "ఇరవై అమ్మి బాకీ కడ్త. ఇరవై ఆపుత" అన్నాడు. నేను ఇంకా నోరు తెరవనే లేదు. ఆ బొమ్మలో ఆయనకు కనిపించింది తన బాకీయే.

చిన్నప్పుడు ఐనవోలు మల్లన్న జాతరలో అమ్మ ఒక తాత దగ్గర చిలక జోస్యం చెప్పించుకుంది. చిలక కార్డు తీసి పక్కన పెట్టింది. ఆ తాత మాత్రం కార్డును ఒకసారి చూసి, అమ్మ మొహాన్ని పదిసార్లు చూశాడు. చిలకలను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఆ ముచ్చట పోవాల్సిందే, పోతోంది. ఆ తాత చూపు మాత్రం నాకు ఇప్పటికీ గురువు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మూడో ఏడాది నా ఈడు ఒకామె వచ్చి, కడుపునొప్పి ఎప్పుడు తగ్గుతుందని అడిగింది. స్టార్ కార్డు వచ్చింది. ఆశకు గుర్తు అది. "తగ్గిపోతుంది, భయపడకు" అన్నాను. నా మాట పట్టుకుని ఆమె రెండు నెలలు డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు. చివరికి పెద్ద ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. బతికింది. వాళ్ళాయన మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, తిట్టలేదు. "నీ మాట విని ఆగిందక్కా" అని వెళ్ళిపోయాడు. నాలుగు నెలలు డెక్కు ముట్టుకోలేదు.

అప్పటినుంచి రోగం, గర్భం, కోర్టు కేసు, షేర్ మార్కెట్ నా బల్ల మీదికి రావు. నొప్పి అని ఎవరైనా నోరు విప్పితే కార్డులు సంచిలో పెట్టేసి, ముందు డాక్టర్‌ను చూడమంటాను. డెత్ కార్డు వస్తే చాలామంది చేయి వెనక్కి లాక్కుంటారు. తెల్లగుర్రం మీద అస్థిపంజరం ఉన్నా, వెనకాల రెండు బురుజుల మధ్య సూర్యుడు ఉంటాడు. అది ముందు చూపించి, తర్వాతే మాట మొదలుపెడతాను. కార్డుతో మనిషిని భయపెట్టడం నా దృష్టిలో దొంగతనం కంటే తక్కువది కాదు.

పోయిన నెల ఒకావిడ ఏడుస్తూ వచ్చింది. ఎవరో కార్డులు చూసి ఇంటికి దోషం ఉందన్నారట, శాంతి చేయించాలని ఇరవై వేలు అడిగారట. ఆమె చెవికమ్మలు తాకట్టు పెట్టడానికి సిద్ధమైంది. టారోలో దోషమూ లేదు, శాంతీ లేదు. కార్డులు పరిచి, ఆ తర్వాత పూజకో తాయెత్తుకో డబ్బడిగేవాళ్ళు ఎవరైనా సరే, దయచేసి అక్కడినుంచి లేచి వచ్చేయండి.