పూషుడి పళ్ళు

మా వూరు ద్రాక్షారామం. దక్షుడు యజ్ఞం చేసిన చోటు ఇదేననీ, దక్షారామమే జనం నోళ్ళలో నాని ద్రాక్షారామం అయిందనీ మా వూళ్ళో పసివాణ్ణి అడిగినా చెబుతాడు. శివుణ్ణి పిలవకుండా యజ్ఞం చెయ్యటం, సతీదేవి దేహత్యాగం, వీరభద్రుడు వచ్చి దక్షుడి తల తెగ్గొట్టటం, ఇంతవరకూ అందరికీ తెలిసిందే. కాని ఆ గలాభాలో దెబ్బలు తిన్నవాళ్ళు ఇంకా వున్నారు. దక్షుడు శివుణ్ణి తిడుతున్నప్పుడు కన్నుగీటిన భగుడికి కళ్ళు పోయాయి. పళ్ళికిలించి నవ్విన పూషుడికి పళ్ళు రాలాయి. తరువాత శివుడు శాంతించాడు. దక్షుడికి మేక తల అతికింది. భగుణ్ణి మిత్రుడి కళ్ళతో చూసుకోమన్నాడు. పూషుడికి మాత్రం పళ్ళు మళ్ళీ మొలవలేదు. యజమాని పళ్ళతో నమలాలి, లేదా పిండి తిని కాలక్షేపం చెయ్యాలి!

తల పోయినవాడికి తల దొరికింది గాని పళ్ళు పోయినవాడికి పళ్ళు దొరకలేదన్నమాట. మా అక్కయ్య ఈ కథ చెప్పేటప్పుడు పూషుడి దగ్గిర కాస్త ఆగుతుంది. ఎందుకంటారా, చెబుతాను.

1963 వేసవి సెలవుల్లో మేమంతా సప్తగోదావరి గట్టున గూటీబిళ్ళ ఆడేవాళ్ళం. కొన్నిచోట్ల బిళ్ళంగోడంటారు, తెలంగాణాలో చిర్రాగోనె అంటారు. పేరేదయినా ఆట ఒకటే. రెండు కొసలా చెక్కిన బిళ్ళని కర్రతో తట్టి, గాలిలోకి లేచినప్పుడు లాగి కొట్టాలి. అక్కయ్యకి అప్పుడు పదకొండేళ్ళు. ఆడపిల్లకి గూటీబిళ్ళేమిటని మా నాయనమ్మ గొణుగుతూనే వుండేది. ఆ రోజు అక్కయ్య క్యాచీ పట్టబోయింది. బిళ్ళ చేతుల మధ్యనించి దూసుకువచ్చి నోటికి తగిలింది. పై పంటి వరసలో ముందు పన్ను వేరుతోసహా వూడి ఇసకలో పడింది.

ఏడుస్తూ ఇంటికి వచ్చాం. నాయనమ్మ నోరు కడిగి, పసుపద్ది, పన్నుని ఆవుపేడలో పొదిగి పెంకుల మీదికి విసిరేసింది. పాలపళ్ళకి అలాగే చేస్తారుగా! "మళ్ళీ మొలుస్తుందిలే తల్లీ" అంది. పదకొండేళ్ళ పిల్లకి వూడింది పాలపన్ను కాదని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. అక్కయ్య చాలా నెలలు వేలుతో తడిమి చూసుకుంటూనే వుంది.

అప్పటినించీ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వటం అలవాటయిపోయింది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు, "పిల్ల నవ్వదేం? గర్వమా?" అని అడిగి వెళ్ళిపోయేవారు. ముగ్గురు అలా వెళ్ళాక మా నాన్న కాకినాడ తీసుకువెళ్ళి కట్టుడుపన్ను పెట్టించారు. నాలుగోవారి ముందు నవ్వింది. ఆయనే మా బావగారు. కాని నిజం పన్ను నిజం పన్నే. రాత్రి తీసి గిన్నెలో వెయ్యాలి, చెరుకుముక్క కొరక్కూడదు, తీర్థంలో జీళ్ళు వద్దు. ఆత్రేయపురం పూతరేకులు ఎంతయినా తినవచ్చు. పూషుడు మన సీమలో స్థిరపడి వుంటే పిండి మాత్రమే తిని బతకవలసిన అగత్యం వుండేది కాదని మా బావగారి హాస్యం.

క్రిందటి వేసవికి అక్కయ్య మనవడు టెక్సాస్ నించి వచ్చాడు. పదమూడేళ్ళవాడు. అక్కడ వాడు ఆడే ఆట పేరు ఎయిర్‌సాఫ్ట్. అచ్చంగా మిలటరీ తుపాకుల్లాంటి బొమ్మ తుపాకులు పట్టుకుని, రెండు జట్లుగా చీలి, అడవుల్లో ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటారు. 1970లలో జపానులో మొదలై లోకమంతా పాకిందట. గుండు 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పూస. బరువు గ్రాములో అయిదోవంతు. ఇంతేకదా అనుకుంటాం. కాని అది సెకనుకి 350 అడుగుల దాకా పోతుందట! చెంపకి తగిలితే కందుతుంది. దగ్గిరనించి పంటికి తగిలితే పన్ను అంచు పెచ్చులా ఎగిరిపోతుంది. మన తీర్థాల్లో అమ్మే పూసల తుపాకీకి అంత వేగం లేదు గాని, అదీ ఆ జాతిదే.

వాడు ఫోనులో తన ఫోటో చూపించాడు. కళ్ళకి పెద్ద అద్దాలు, కింద బోసిముఖం, ఇంత నవ్వు! అక్కయ్య కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"కళ్ళకి కట్టుకున్నావు, బాగుంది. పళ్ళకేం కట్టుకున్నావురా?"

"పళ్ళకి ఎవరూ పెట్టుకోరు నాయనమ్మా. కళ్ళకే రూలు."

"భగుడికి రూలుంది, పూషుడికి లేదన్నమాట" అంది అక్కయ్య. మర్నాడే వాణ్ణి రామచంద్రపురంలో పళ్ళ డాక్టరు దగ్గిరికి తీసుకుపోయింది. నేనూ వెళ్ళాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపికమంతురాలు. ఇలాంటి ఆటకి రెండు రక్షణలుండాలంది. ఒకటి, ముక్కు కిందనించి గడ్డం దాకా కప్పే ఇనపజల్లెడ ముసుగు. పూస అందులోంచి దూరదు. కాని పూస పగిలితే తునకలు దూరవచ్చు గనక కళ్ళకి జల్లెడ చాలదు, దెబ్బకి ఓర్చే గట్టి అద్దాలే వుండాలి. రెండోది పళ్ళతొడుగు. బాక్సింగువాళ్ళు పెట్టుకునేదే. 1890లో లండనులో వూల్ఫ్ క్రౌజ్ అనే దంతవైద్యుడు ముష్టియోధుల కోసం గట్టాపర్చాతో చేసింది దానికి తాత. ఇప్పుడు వేణ్ణీళ్ళలో మెత్తపరిచి కొరికి అచ్చు తీసుకునేవి బజార్లో దొరుకుతాయి. డాక్టరు కొలత తీసి చేసినది ఇంకా బాగా పట్టుకుంటుంది, మాటకీ వూపిరికీ అడ్డం రాదు. పళ్ళకి తీగ కట్టించుకున్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడక్కుండా బజారుది కొనకూడదు. ఎదిగే పిల్లలకి దవడ మారుతుంది గనక తొడుగూ మార్చాలి.

అప్పుడు అక్కయ్య, ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్న ప్రశ్న అడిగింది. "వూడిన పన్ను మళ్ళీ పెడితే నిలిచేదా అమ్మా?"

"చాలాసార్లు నిలుస్తుందండీ" అంది డాక్టరమ్మ.

ఎలాగో విని ఆశ్చర్యపోయాను. పన్నుని తెల్లటి వైపు పట్టుకుని తియ్యాలి, వేరు ముట్టుకోకూడదు. మట్టి అంటితే పాలతో మెల్లగా తొలవాలి, రుద్దకూడదు. వెంటనే ఆ గుంటలోనే పెట్టి, శుభ్రమైన గుడ్డ కరిపించి డాక్టరు దగ్గిరికి పరుగెత్తాలి. పెట్టటానికి ధైర్యం చాలకపోతే చల్లటి పాలల్లో వేసి తీసుకుపోవాలి. మామూలు నీళ్ళలో వెయ్యరాదు. వేరుని అంటిపెట్టుకున్న సన్నని పొర ఆరిపోతే పన్ను నిలవటం కష్టం, అందుకని అరగంట దాటకుండా చేరితే మేలు. పాలపన్నయితే మాత్రం తిరిగి పెట్టకూడదు, లోపలి అసలు పన్ను మొలకకి హాని.

"మాకు కొబ్బరిబొండాలకి కరువులేదు, ఆ నీళ్ళు పనికిరావా?" అన్నాను. వాటిలో కాస్త పులుపు గుణం వుంది, పాలే మంచివంది. 1963లో మా ఇంట్లో రెండు గేదెలు పాడి! అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత మనవడికి కొలత తియ్యమంది.

తొడుగు నాలుగు రోజుల్లో వచ్చింది. అది పెట్టుకుని వాడు "నాయనమ్మా" అంటే మొదట్లో "వాయవమ్మా" అని వినిపించేది, సాయంత్రానికి సర్దుకుంది.

వాడు వెళ్ళిపోయాడు. అక్కయ్య దృష్టి మా వీధిలో కార్కు బంతితో క్రికెట్టాడే కుర్రాళ్ళ మీదికి మళ్ళింది. పళ్ళతొడుగులు కొనమని వాళ్ళ తల్లుల్ని పోరుతోంది, ఇద్దరు కొన్నారు. మిగిలినవాళ్ళ కోసం రోజూ సాయంత్రం ఒక గ్లాసు పాలు విడిగా ఫ్రిజ్జిలో పెట్టి, అది ఎందుకో వాళ్ళకి చెప్పి వుంచింది. ఆట అయ్యాక ఒకడు గుమ్మంలోకి వచ్చి అడుగుతాడు:

"మామ్మగారూ, ఇవాళ ఎవరికీ పళ్ళు వూడలేదండీ. ఆ పాలు తాగెయ్యమంటారా?"