ఎస్.ఎస్.డి. కొనమంటున్నాడా మీ అబ్బాయి?

మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటీ, దాని ముందు కూర్చుని ఆటలాడే పుత్రరత్నం ఒకడూ ఉన్నారా? అయితే ఇవాళో రేపో "అమ్మా, దీనికి ఎస్.ఎస్.డి. వేయిద్దామే" అన్న మాట మీ చెవిన పడక తప్పదు. ఇప్పటికే పడి ఉంటే, ఈ నాలుగు ముక్కలూ చదివాక జవాబు చెప్పండి.

మా ఇంట్లో ఈ పేచీ నెల్లాళ్ళు నడిచింది. మావాడు డిగ్రీ రెండో సంవత్సరం. "ఆటలకి కూడా డబ్బు తగలెయ్యాలా?" అని మావారు ఒక్క మాటతో తేల్చేశారు. అప్పుడే నా చీటీ డబ్బు చేతికొచ్చింది. గ్రైండర్ మార్చాలని రెండేళ్ళుగా కూడబెట్టిన డబ్బది. ఆ సంగతి తెలుసు గనకే మావాడు నా వెనకే తిరిగాడు. ఇవ్వనంటే వాడి మొహం చూడలేను, ఇస్తే ఆయన మొహం చూడలేను! ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? అసలు ఆ వస్తువేమిటో, అదేం చేస్తుందో కనుక్కుంటాం. నేనూ అదే చేశాను.

మన వంటింటి భాషలో చెబుతాను. కంప్యూటర్లో ఆటలూ, ఫోటోలూ అన్నీ దాచే చోటు హార్డ్ డిస్క్. అది అటక లాంటిది. లోపల పళ్ళేలు నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో గిర్రున తిరుగుతుంటే, గ్రామఫోను ముల్లులాంటిది ఒకటి అటూ ఇటూ కదిలి కావలసింది వెతికి తెస్తుంది. అంటే స్టూలేసుకుని అటకెక్కి, డబ్బాలన్నీ జరిపి ఇంగువ తీసినట్టన్నమాట. ఎస్.ఎస్.డి.లో తిరిగేదీ, కదిలేదీ ఏమీ లేదు. అంతా చిప్పుల్లోనే. పోపుల పెట్టెలా చెయ్యి చాపితే చాలు! పళ్ళేల డిస్క్ సెకనుకి 100 నుంచి 200 ఎం.బి. దాకా అందిస్తే, సాటా రకం ఎస్.ఎస్.డి. 550 దాకా అందిస్తుంది. చిన్న చిన్న ఫైళ్ళు వెతికేటప్పుడు తేడా ఇంకా ఎన్నో రెట్లుంటుంది.

మరి పోపుల పెట్టె దగ్గరుంటే పప్పు తొందరగా ఉడుకుతుందా? ఉడకదు కదా! అది పొయ్యి పని. ఆటలో బొమ్మలు చకచకా కదలాలంటే గ్రాఫిక్స్ కార్డూ, ప్రాసెసరూ బాగుండాలి. ఎస్.ఎస్.డి. వల్ల తగ్గేది ఎదురుచూపు. ఆట తెరుచుకునే ముందు, ఒక ఘట్టం నుంచి ఇంకో ఘట్టానికి వెళ్ళేటప్పుడు పట్టే సమయం తగ్గుతుంది. ఆటంతా బొమ్మ నత్తనడక నడుస్తోందని మీవాడు గొణుగుతుంటే, ఈ డబ్బు పెట్టినా ఆ గొణుగుడు ఆగకపోవచ్చు.

పోనీ ఎదురుచూపంతా డిస్క్ వల్లేనా అంటే, అదీ కాదండోయ్! జి.టి.ఎ. ఆన్‌లైన్ అనే పేరుమోసిన ఆట ఒకటుంది. అది తెరుచుకోవడానికి కొందరికి ఆరు నిమిషాలు పట్టేది. 2021లో విసుగెత్తిన ఓ ఆటగాడు తవ్వి చూస్తే, లోపం ప్రోగ్రాంలోనే బయటపడింది. పది ఎం.బి.ల జాబితా ఒకదాన్ని చదువుతూ, ఒక్కో అంశం దగ్గరా మిగతా జాబితా పొడుగంతా మళ్ళీ కొలుచుకుంటోందట! అతను సరిచేస్తే రెండు నిమిషాల లోపే తెరుచుకుంది. కంపెనీ వాళ్ళు అతనికి 10,000 డాలర్లు బహుమతిచ్చి, ఆ సవరణ అందరికీ పంపారు. ఎక్కడ ఆలస్యమవుతోందో చూడకుండా సామాను మార్చేస్తే లాభమేముంది చెప్పండి?

అందుకే మావాడితో "వారం రోజులు లెక్క రాద్దాం, ఆ తర్వాతే మాట" అన్నాను. క్యాలెండర్లో పాల లెక్క పక్కనే రాశాం. కంప్యూటర్ తెరుచుకోవడానికి దాదాపు మూడు నిమిషాలు. వాడి ఆటకి ఇంకో రెండు. ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయిని కూడా రాయమన్నాను. వారం తిరిగేసరికి తేలిందేమిటో తెలుసా? అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది అదే! అన్న లేచాక రాత్రి పదింటికి ప్రాజెక్టు పనికి కూర్చుంటుంది. ఫైలు తెరవాలంటే ఆగాలి, దాచాలంటే ఆగాలి. ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదు. అడగని పిల్ల అవసరం ఇలా కాగితం మీదికెక్కితే తప్ప లెక్కలోకి రాదు. మావారు ఆ క్యాలెండర్ కాసేపు చూసి, "ఏ రకం కొనాలిట?" అన్నారు.

ఆ రకాల సంగతీ చెబుతాను. ఎన్.వి.ఎం.ఇ. అని ఒక రకం ఉంది. సెకనుకి 3,500, 7,000 ఎం.బి. అంటూ డబ్బా మీద పెద్ద అంకెలుంటాయి. చాలా ఆటల్లో సాటా రకానికీ దీనికీ తేడా కొద్ది సెకన్లే. పైగా దానికి మదర్ బోర్డులో వేరే చోటుండాలి. మా పాతదాంట్లో లేదు, సాటాతో సరిపెట్టాం. కొత్త ఆటల దారి వేరు. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్, బాల్డర్స్ గేట్ 3 లాంటివి ఎస్.ఎస్.డి. ఉండి తీరాలంటాయి. రెండోదానికైతే 150 జి.బి. జాగా కావాలి! చిన్న డిస్క్ కొంటే రెండాటలకే నిండిపోతుంది. మీవాడు ఏ ఆటలాడతాడో, వాటికి మిగతా కంప్యూటర్ సరిపోతుందో లేదో ముందు అడగండి.

షాపుకెళ్ళినప్పుడు నమ్మకమైన కంపెనీదీ, మూడేళ్ళో అయిదేళ్ళో గ్యారంటీ ఉన్నదీ చూసి బిల్లు తీసుకోండి. మరీ చవగ్గా ఇంతింత జి.బి.లని ఊరించే పేరులేని సరుకు జోలికి పోకండి. లోపల చెప్పినంత జాగా లేని నకిలీలున్నాయి. మార్చేముందు పెళ్ళి ఫోటోలూ, పిల్లల ఫోటోలూ ఇంకోచోటికి కాపీ చేయించండి. పాత డిస్క్ పారెయ్యకండి, పాడవకుండా ఉంటే అందులోనే ఒక కాపీ ఉంచుకోవచ్చు.

మేం 500 జి.బి.ది వేయించాం. కంప్యూటర్ ఇప్పుడు అరనిమిషంలోపే లేస్తోంది. ఆట తెరుచుకునే సమయం సగానికి పైగా తగ్గింది. బొమ్మల కదలిక మాత్రం ఎప్పటిలాగే ఉంది, మావాడూ ఒప్పుకున్నాడు. ఏడు నుంచి తొమ్మిది దాకా కంప్యూటర్ చెల్లెలిదన్న షరతుకీ తలూపాడు. నా గ్రైండర్ సంక్రాంతికి వాయిదా పడింది. పాతది చప్పుడు చేస్తున్నా, అమ్మాయి పదింటికల్లా పడుకుంటోందిగా, సర్దుకుంటున్నాను.

మీ ఇంట్లోనూ ముందు ఒక్క వారం రాయించండి. అడిగే వాడిదే కాదు, అడగని వాళ్ళ లెక్కా రాయించండి. కొనాలో వద్దో ఆ కాగితమే చెబుతుంది.