మీటరు మంచిదే... మరి సంపు?

గ్లాసుడు పాలు ఒలికిపోతే ఇల్లంతా గోల. అదే కుళాయి రాత్రంతా కారుతుంటే... ‘వాషరు పోయినట్టుంది, ఆదివారం చూద్దాంలే’ అంటాం. ఆ ఆదివారం ఎప్పటికీ రాదు! సెకనుకో బొట్టు పడినా రోజుకి సుమారు 20 లీటర్లు.

హైదరాబాద్‌కి ఒకప్పుడు గండిపేట నీళ్లే దిక్కు. ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మన గడప తొక్కుతున్నాయి. 2021 జనవరిలో జలమండలి నెలకి 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ప్రారంభించినప్పుడు, సొంతిళ్లవాళ్లకి పనిచేసే మీటరు తప్పనిసరి అంది. దాంతో ఎన్నో ఇళ్లలో ఎప్పుడో ఆగిపోయిన మీటర్లు మారాయి.

ఉస్మానియా క్యాంపస్ క్వార్టర్స్‌లో పాతికేళ్లు కాపురం చేసి, రిటైరయ్యాక తార్నాకలోని పాత సొంతింటికి చేరిన ఓ మాస్టారి ఇంట్లోనూ మారింది. క్వార్టర్స్‌లో పైపు కారితే కంప్లైంట్ రాసిస్తే సరిపోయేది. ఇక్కడ అన్నీ తామే చూసుకోవాలి. కొత్త మీటరు పెట్టిన కొద్ది రోజులకే బిల్లు చూసి ఆయన ఉలిక్కిపడ్డారు.

‘‘ఉండేది ఇద్దరం. ఇన్ని నీళ్లా? మీటరే తప్పు!’’

‘‘దాన్ని తర్వాత తిడుదురుగాని, ముందు ఇల్లు చూద్దామండీ’’ అన్నారావిడ.

నీళ్లొచ్చే వేళ సంపు వాల్వు కట్టేసి మీటరులోని చిన్న చక్రాన్ని చూశారు. తిరగలేదు. అంటే, మీటరు నుంచి సంపు దాకా పైపు బాగానే ఉంది. ఫ్లష్ ట్యాంకులో మిఠాయి రంగు నాలుగు చుక్కలు వేసి, పావుగంట ఆగారు. కమోడ్‌లోకి రంగు దిగలేదు. అదీ బాగానే ఉంది. రాత్రి మోటారు ఆపి, సంపులో కర్ర దించి తడి అందిన చోట గీత పెట్టారు. తెల్లారి చూస్తే నీళ్లు నాలుగంగుళాలు కిందికి! 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పున్న సంపులో అది 450 లీటర్ల పైమాటే. అడుగున పగులు. అదెప్పటిదో ఎవరికీ తెలీదు. పాత మీటరు ఆగిపోయి ఉంది కదా!

మీటరు మార్చే రోజున పాత రీడింగూ, కొత్తదాని తొలి రీడింగూ రాసిపెట్టుకోవాలి. పాత ఇనప పైపులైతే రెంచి పట్టు తగిలి పక్క జాయింట్లు కదిలే ప్రమాదముంది. నాలుగు రోజులు గోడల చెమ్మ మీద కన్నేయాలి.

మాస్టారింట్లో సంపుకి లోపల పూత వేయించారు. మరుసటి బిల్లు తగ్గింది. మీటరు మాత్రం అదే!