పవర్ ఆఫ్ అటార్నీ ఎవరి పేరు మీద?

ఈసారి పోస్టు కాస్త పొడుగు, తీరిగ్గా చదవండి.

ఫ్లాటు ఎలక్ట్రానిక్ సిటీలో, ఓనరు అమెరికాలో. మనలో చాలామందికి తెలిసిన కథే. నీలాద్రి రోడ్డు పక్కనున్న మా అక్క ఫ్లాటుదీ అదే కథ. అమ్మేద్దామనుకుంది, రావడానికి సెలవు లేదు. జీపీఏ పంపుతానంది, మా ఆయన పేరు మీద. "అల్లుడుగారైతే ఆఫీసుల చుట్టూ తిరుగుతారు, నీకెందుకే ఆ తిప్పలు" అని అమ్మ కూడా అంది. నేనూ సరేనన్నాను. డ్రాఫ్టు రాయించే ముందు ఒక లాయరుగారిని అడిగితే అసలు సంగతి తెలిసింది.

2023 డిసెంబరులో బెళగావి సమావేశాల్లో కర్ణాటక స్టాంపు చట్టాన్ని సవరించారు. మామూలు జీపీఏకి 100 రూపాయలున్న స్టాంపు 500 అయింది, అఫిడవిట్‌కి 20 ఉన్నది 100 అయింది. అందరూ మాట్లాడుకున్నది ఈ పెంపు గురించే. మనకు పెద్ద దెబ్బ తగిలేది మాత్రం అదే చట్టంలోని ఇంకో నిబంధన దగ్గర. స్థిరాస్తి అమ్మే అధికారాన్ని తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకులు, కూతుళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కాకుండా వేరేవాళ్లకి ఇస్తే మార్కెట్ విలువ మీద 5 శాతం కట్టాలి. ఆ జాబితాలో మరిది లేడు, బావ లేడు, అల్లుడు లేడు. చెల్లెలు ఉంది. 80 లక్షల ఫ్లాటైతే ఆ తేడా 4 లక్షలు!

ఇన్నేళ్లుగా మన ఇళ్లలో ఆస్తి కాగితం అనగానే మగవాళ్ల పేరే ముందు వస్తుంది. ఇక్కడ చట్టం లెక్కలో అక్కకి దగ్గరి మనిషిని నేను. ఈ మాట చెప్పినప్పుడు అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నువ్వే వెళ్లు" అంది. అక్క కాగితం ఇప్పుడు నా పేరు మీదే తయారవుతోంది.

విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి నోటరీ ముందు గానీ, భారత కాన్సులేట్‌లో గానీ సంతకం చేయాలి. కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. కొరియర్ కవరు పారేయకండి, చేరిన తేదీకి అదే సాక్ష్యం.

ఆనేకల్ వైపు జీపీఏ మీద సైట్లు కొన్నవాళ్లకి ఒక మాట. 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: జీపీఏతో యాజమాన్యం రాదు, రిజిస్టరైన సేల్ డీడ్ ఉండాలి. పైగా ఇచ్చిన మనిషి చనిపోతే మామూలు జీపీఏ కూడా అక్కడితో ఆగిపోతుంది. మా బ్లాకులో ఒక పెద్దాయనకి ఇదే జరిగింది. అమ్మినాయన పోయారు, ఆయన కొడుకులు "మాకేం సంబంధం" అంటున్నారు. రిటైర్మెంటు డబ్బంతా ఆ సైటులోనే ఉంది. అమ్మినవాళ్లు బతికుండగానే సేల్ డీడ్ చేయించుకోండి, వాయిదా వేయకండి.

మీ ఇంట్లో ఎవరైనా జీపీఏ పంపబోతుంటే, టైపు చేయించకముందే రెండు సంగతులు చూసుకోండి: ఎవరి పేరు, ఏయే అధికారాలు. అద్దె వసూలుకి ఇచ్చే కాగితంలో అమ్మే హక్కు రాయాల్సిన పని లేదు. ఒకసారి లాయరుకి చూపించండి, ఆ ఫీజు దండగ కాదు.