పాంబన్ వంతెన – 46 రోజుల లెక్క

2024 ఆరంభంలో మేము రామేశ్వర యాత్రకు బయలుదేరినప్పుడు రైళ్ళు సముద్రానికి ఈవలి ఒడ్డునే నిలిచిపోయేవి. పాత పాంబన్ వంతెనపై 2022 డిసెంబరులో రైళ్ళ రాకపోకలు ఆపివేసినందున అక్కడి నుండి బస్సే శరణ్యం. మరమ్మతుల విభాగానికి చెందిన మేము నలుగురు ఇంజనీర్లము, త్వరలో పదవీ విరమణ చేయనున్న మా ఫోర్‌మన్ గారు, అందరమూ కుటుంబాలతో ఎల్.టి.సి.పై వెళ్ళాము. ఇంటివారి ధ్యాస ఆలయంలోని 22 తీర్థాలపైన, మా ధ్యాస వంతెనపైన!

1988లో ప్రారంభమైన రోడ్డు వంతెనపై నిలబడితే రైలు వంతెన సాంతం కనబడుతుంది. 1914లో వాడుకలోకి వచ్చిన ఈ కట్టడం పొడవు రెండు కిలోమీటర్లకు పైమాటే. నడుమ ఓడలకు దారి ఇచ్చే షెర్జర్ స్పాన్‌ను సిబ్బంది తమ చేతులతో లీవర్లు తిప్పి పైకెత్తేవారు. ఆనాడు దాని పక్కన నిర్మాణంలో ఉన్న కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. గాలి మాత్రం నిలబడనిచ్చేది కాదు. మాలో ఒకరి టోపీ పాక్ జలసంధికి సమర్పితమైంది.

1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుఫానులో ధనుష్కోటి తుడిచిపెట్టుకుపోయింది. ప్రయాణికులతో సహా ఒక రైలు కడలి పాలైంది. ఈ వంతెన గర్డర్లలో 120కి పైగా కొట్టుకుపోయాయి. పునరుద్ధరణకు రైల్వే శాఖ 6 నెలలు గడువు పెట్టగా, పై అధికారి దానిని 3 నెలలకు కుదించారు. 32 ఏళ్ళ ఇంజనీరు ఇ. శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 రోజులలో పని ముగిసింది. సమీక్షా సమావేశాలలో మేము ఈ కథను ఎన్నోసార్లు చెప్పినవారమే. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒక గడువును తగ్గించడానికే వాడుకున్నాము.

అంతకు ముందు సంవత్సరం మేము చేసినదీ అదే. 30 రోజులు పట్టే టర్బైన్ ఓవర్‌హాల్‌ను 22 రోజులలో ముగించాలని తలుపులు మూసుకొని నిర్ణయించాము. 22వ రోజున పూర్తయిందని నివేదిక కూడా పంపాము. మూడవ నాటికి బేరింగ్ వేడెక్కి యంత్రం ఆగిపోయింది. విప్పి చూస్తే అలైన్‌మెంట్ తేడా. ఆ తనిఖీని హడావుడిగా కానిచ్చిన కుర్ర ఇంజనీరు సంజాయిషీ రాసుకున్నాడు. గడువు వేసిన మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

వంతెన మీద మా మాటలు వింటూ నిలుచున్న ఫోర్‌మన్ గారు, "ఇన్ని గర్డర్లు అంత త్వరగా ఎక్కడి నుంచి తెచ్చారు సార్?" అని అడిగారు. దూరప్రాంతాల నుండి తెప్పించే వరకు ఆగకుండా, జాలర్ల సాయంతో సముద్రంలో పడినవాటినే వెతికి పైకి తీశారని చెప్పాము.

"అయితే తేదీ తగ్గించడం కాదు గదా సార్, పనే మారింది. పైగా ఇవాళ ఎన్ని ఎక్కించామో సాయంత్రానికి కూలివాడికి కూడా తెలుస్తుంది. మన షట్‌డౌన్‌లో మాకు తెలిసింది ఒక్క 22వ తేదీయే."

సగటు లెక్కగడితే రోజుకు రెండున్నర గర్డర్లకు పైనే. ఇన్నేళ్ళుగా 46 అనే అంకెను వల్లించిన మాకు ఈ భాగహారం తోచనే లేదు.

"22 రోజులు చాలవని మీకు ముందే తెలుసా?" అన్నాము.

"మొదటి రోజే తెలుసు. అడిగితే చెప్పేవాణ్ణి."

మరునాడు ధనుష్కోటికి వెళ్ళాము. ఇసుకలో నిలిచిన చర్చి గోడలను చూసి పిల్లలు కూడా గొంతు తగ్గించి మాట్లాడారు. తిరుగు బస్సులో రాబోయే షట్‌డౌన్ ప్రస్తావన వచ్చింది. ఫోర్‌మన్ గారు ఆలయ ప్రసాదం పొట్లం కాగితాన్ని మోకాలిపై సాపు చేసి, కేసింగ్ విప్పడం మొదలు ఒక్కొక్క పనినీ, ఆ రోజు సాయంత్రానికి చూడవలసిన కొలతనూ రాయసాగారు. అలైన్‌మెంట్ దగ్గర కలం ఆపి, "ఎన్ని రోజులు వేయమంటారు?" అన్నారు.

మీరే చెప్పమన్నాము.

"నాలుగు" అన్నారాయన. మా పాత పట్టికలో దానికి కేటాయించినది ఒకటిన్నర రోజు.